చేనులో గొర్రెల మంద కట్టించడం ఎలా? అనంతపురం ఎర్రనేలలకు పనికొచ్చే పద్ధతి

అనంతపురం జిల్లాలో శనక్కాయ పీకేటప్పుడు చెట్టును వేరుతో సహా లాగేస్తాం. కాయ మార్కెట్‌కు పోతుంది. కట్టె వామికి పోతుంది, లేకపోతే ట్రాక్టరెక్కి ఇంకో ఊరికి పోతుంది. చేనులో మిగిలేది రాలిన ఆకు మాత్రమే, దాన్ని కూడా వేసవి గాలి లేపుకుపోతుంది. టన్ను శనక్కాయ కట్టెలో సుమారు 15 కిలోల నత్రజని ఉంటుంది. అంటే కట్టె అమ్మిన ప్రతిసారీ నేల బలాన్ని కూడా తూకం వేసి ఇచ్చేస్తున్నాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, జానెడు లోతు మన్ను, సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు. ఇలాంటి నేల ఏళ్ళ తరబడి ఇస్తూనే ఉండాలంటే ఎట్లా ఇస్తుంది?

దీనికి మన ప్రాంతంలో ఎప్పటినుంచో ఉన్న మార్గం గొర్రెల మంద కట్టించడం, అంటే రాత్రిపూట మందను చేనులోనే పడుకోబెట్టడం. కుందుర్పి, కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు పాత రైతులకు ఇది కొత్త కాదు. యూరియా సంచి చేతికి అందాక చాలామంది వదిలేశారు. మళ్ళీ మొదలుపెట్టాలనుకునే వాళ్ళకోసం, తాతలనాటి పద్ధతిలో ఏది ఉంచుకోవాలో, ఏది మార్చుకోవాలో చెప్తున్నాను.

ఒక్క విషయం ముందే మనసులో పెట్టుకోండి. గొర్రె ఎరువును కొత్తగా పుట్టించదు. పగలంతా గుట్టల్లో, వంకల్లో, బీళ్ళలో మేసినదాన్ని కడుపులో కుళ్ళబెట్టి, రాత్రికి మీ చేనులో వదులుతుంది. కాబట్టి మన పనంతా నాలుగు విషయాల్లోనే ఉంది: రాత్రి మంద ఎక్కడ పడుకోవాలి, ఎప్పుడు పడుకోవాలి, పడినదాన్ని ఎట్లా నిలుపుకోవాలి, మేపిన గుట్టకు మనం తిరిగి ఏం ఇవ్వాలి.

ఏ చేను, ఏ నెల

ఉన్న పొలమంతా ఒకే ఏడాది కట్టించాలని చూడకండి. చేతిలో ఉన్న డబ్బుకు, దొరికే మందకు ఎన్ని ఎకరాలు అవుతాయో లెక్క వేసుకుని, అన్నిటికంటే చెడిపోయిన చేనుతో మొదలుపెట్టండి. వానకు పైమన్ను కొట్టుకుపోయి గరుసు తేలిన చోట్లు, ఏటా పైరు ముందుగా వాడిపోయే చోట్లు మీకే తెలుసు. మంచి చేనులో కట్టిస్తే కనిపించే తేడా తక్కువ, అక్కడ ఎక్కువ.

ఒక జాగ్రత్త. గట్టు తెగిన చేనులో మంద కట్టించడం దండగ. ముంగారు వాన ఒక్కటి గట్టిగా పడితే పెంటికలన్నీ వంకలో తేలుతాయి. ముందు గట్టు వేయండి, తర్వాత గొర్రెలను పిలవండి. బోరుకూ బావికీ ఆనుకుని కూడా కట్టించకండి, మూత్రం నీళ్ళలోకి దిగుతుంది.

సమయం సంగతికొస్తే, పంట కోసిన తర్వాత నుంచి విత్తనం పడేదాకా చేను ఖాళీగానే ఉంటుంది. అయినా అన్ని నెలలూ ఒకటి కాదు. ఫిబ్రవరి, మార్చిలో కట్టిస్తే ఎరువు నెలల తరబడి ఎండకూ గాలికీ పడి ఉంటుంది, జూలైలో విత్తేనాటికి మిగిలేది తక్కువ. మరీ విత్తే ముందురోజుల్లో కట్టిస్తే పచ్చి ఎరువు మీద విత్తనం పడుతుంది, అది శనక్కాయకు మంచిది కాదు. నా లెక్కలో ఏప్రిల్ నెలాఖరు నుంచి మే నెలాఖరు దాకా సరైన కాలం. ఒకటి రెండు వేసవి వానలు పడి నేల కాస్త పదునుమీద ఉంటే ఇంకా మేలు. విత్తడానికి కనీసం మూడు నాలుగు వారాల ముందే మంద రాత్రిపూట చేనులో పడుకోవడం ఆగేలా చూసుకోండి.

ఇదంతా ఎర్రనేల లెక్క. ఉరవకొండ, తాడిపత్రి వైపు, కర్నూలు జిల్లా ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడి ఉన్నవాళ్ళు వాన పడ్డాక మందను చేనులోకి రానివ్వకండి. తడి రేగడిని గొర్రె గిట్టలు తొక్కితే నేల గట్టిపడి, దుక్కికి పెళ్ళలు లేస్తాయి. మీకు ఎండు నేలమీదే పని.

కాపరితో మాట

మంద కావాలంటే మార్చిలోనే కాపరిని కలవండి. మన దగ్గర ఎక్కువగా కురుబ, గొల్ల కుటుంబాల వాళ్ళే మందలు తిప్పుతారు. మేత దొరక్కపోతే పక్క జిల్లాలకు, నీళ్ళున్న ఆయకట్టుకు తరలిపోతారు. మే నెల వచ్చాక వెతికితే ఊళ్ళో మంద ఉండదు. “ఏం మామా, ఈ ఎండాకాలం మంద యాడికి తోలుతారు?” అని అడిగితే చాలు, మిగతా మాట అదే కదులుతుంది.

మాట ఖాయం చేసుకునేటప్పుడు ఇవి తేల్చుకోండి. ఎన్ని గొర్రెలు, అందులో పెద్దవి ఎన్ని, పిల్లలు ఎన్ని. పిల్లల్ని లెక్కలో కలిపితే మీకు నష్టం. రేటు రాత్రికా, నూరు గొర్రెలకా, ఎకరానికా. నన్నడిగితే నూరు పెద్ద గొర్రెలకు రాత్రికి ఇంత అని ఖాయం చేసుకోవడమే ఇద్దరికీ న్యాయం, ఎందుకంటే ఎకరం లెక్కన మాట్లాడితే కాపరి త్వరగా జరుపుకుపోవాలని చూస్తాడు, మీరు ఇంకో రాత్రి ఉంచాలని చూస్తారు. డబ్బుతో పాటు రాత్రి అన్నం, గింజలు ఇవ్వడం చాలా ఊళ్ళలో ఆనవాయితీ. అది మానకండి. చీకట్లో తోడేళ్ళు రాకుండా కాపలా ఉంటూ మీ చేనులో నిద్ర కాచేది ఆ మనిషే.

నీళ్ళ మాట కూడా ముందే తేల్చాలి. వేసవిలో ఒక్కో గొర్రెకు రోజుకు నాలుగైదు లీటర్లు కావాలి. 300 గొర్రెలంటే 1200 నుంచి 1500 లీటర్లు. బోరు ఉంటే తొట్టి నింపి పెట్టండి. నీళ్ళున్న చేనుకే మంద ముందుగా వస్తుంది.

దొడ్డి వేయడం

ఇక్కడే అసలు పని ఉంది. ఓపిగ్గా చదవండి.

పాత పద్ధతిలో కంప నరికి దడి కట్టేవాళ్ళు. దాన్ని రోజూ జరపడం కష్టం కాబట్టి మంద ఒకేచోట వారం, పది రోజులు పడుకునేది. అక్కడ ఎరువు దండిగా పడేది, పక్కన ఏమీ ఉండేది కాదు. తర్వాత పైరు ఒకచోట అడవిలా, ఇంకోచోట పచ్చగడ్డి కూడా లేనట్టు ఉండేది. ఎక్కువ ఎరువు పడిన చోట శనక్కాయ ఆకు మీద పెరుగుతుంది, ఊడలు తక్కువ దిగుతాయి. ఇప్పుడు కాపరుల దగ్గర నైలాన్ వలలు ఉన్నాయి. ఇద్దరు మనుషులు అరగంటలో పీకి పక్కన వేయొచ్చు. కాబట్టి రోజూ జరపమని ముందే చెప్పుకోండి.

కొలత ఇట్లా. ఒక పెద్ద గొర్రె హాయిగా పడుకోవడానికి 14, 15 చదరపు అడుగులు చాలు. 300 గొర్రెలకు 66 అడుగుల పొడవు, 66 అడుగుల వెడల్పు దొడ్డి వేస్తే అది సరిగ్గా 10 సెంట్లు. రాత్రికొక దొడ్డి చొప్పున 10 రాత్రులకు ఒక ఎకరం పూర్తవుతుంది. గొర్రె రాత్రికి అరకిలోకు కాస్త తక్కువ పెంటికలు వేస్తుందనుకుంటే, ఎకరానికి టన్నుకు పైగా పడుతుంది, మూత్రం దీనికి అదనం. బాగా చెడిపోయిన చోట ఒక్కో దొడ్డిని రెండు రాత్రులు ఉంచండి. అంతకు మించి వద్దు.

టన్ను అంటే తక్కువ అనిపించొచ్చు. దిబ్బ ఎరువైతే ఎకరానికి నాలుగైదు టన్నులు తోలుతాం కదా అంటారు. కానీ గొర్రె ఎరువు ఆరిన తర్వాత చూస్తే అందులో సుమారు 3 శాతం నత్రజని, 1 శాతం భాస్వరం, 2 శాతం పొటాష్ ఉంటాయి. మామూలు పశువుల ఎరువులో నత్రజని అర శాతమే. పైగా కొట్టంలో అయితే మూత్రం నేలలోకి ఇంకి వృథా అవుతుంది. మంద కట్టినప్పుడు అది నేరుగా చేనులోనే ఇంకుతుంది. ట్రాక్టరు బాడుగ లేదు, తట్టలతో చల్లే కూలీ లేదు.

దొడ్లు వాలుకు అడ్డంగా, వరసగా జరుపుకుంటూ పోండి. చేను ఎగువ అంచున మొదలుపెడితే వానకు కిందికి జారినది కూడా మీ చేనులోనే ఉంటుంది. ఒక దొడ్డి ఎక్కడ అయిందో తెలియడానికి నాలుగు మూలలా రాళ్ళు పెట్టండి. రాళ్ళు లేకుండా గుర్తుమీద జరిపితే సందులు మిగులుతాయి, అవి పైరు మీద చారలుగా కనిపిస్తాయి.

తెల్లారిన తర్వాత

మంద మేతకు పోగానే ఆ దొడ్డిలో గుంటక తోలండి. ఎక్కువ లోతు అక్కర్లేదు, రెండు అంగుళాల మన్ను కలిస్తే చాలు. మూత్రంలో ఉన్న నత్రజని అమోనియాగా మారి గాలిలో కలిసిపోయేది ఈ మొదటి ఒకటి రెండు రోజుల్లోనే. పొద్దున చేనులో ముక్కుకు ఘాటు తగిలిందంటే మీరు డబ్బిచ్చి కొన్నది గాలికి పోతున్నట్టు. ఎద్దులు లేకపోతే రెండు మూడు దొడ్లు అయ్యాక ట్రాక్టరు గుంటకతో ఒకేసారి తోలించండి, కానీ వారం ఆగకండి. మడక దుక్కి మాత్రం వద్దు. లోతుగా తిరగేస్తే ఉన్న కాస్త తేమా పోతుంది.

నా అభిప్రాయంలో గుంటక తోలే ఆ ఒక్క సాలుతోనే రెండు పనులు చేసుకోవాలి. ఎరువు కప్పేముందే నవధాన్యాలు చల్లేయండి. రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసే రైతులు వానలకు ముందే పొడి దుక్కిలో ఇట్లా విత్తుతున్నారు. విత్తనాలకు బంకమన్ను, బూడిద, ఘనజీవామృతం (పేడ, బెల్లం, పప్పు పిండి కలిపి ఆరబెట్టిన ఎరువు) పట్టించి నీడలో ఆరబెట్టి చల్లుతారు. ఆ పూత ఉంటే చీమలు ఎత్తుకుపోవు, చిన్న చినుకుకు మొలిచి చావవు. ఎకరానికి పది కిలోలకు అటూ ఇటూగా ఉలవ, అలసంద, పిల్లిపెసర, జనుము, సజ్జ, కొర్ర, నువ్వు, ఇంట్లో ఏ గింజ ఉంటే అది కలపండి.

జొన్న మాత్రం వేయకండి, ఆ పైరును మేపాలనుకుంటే. లేత జొన్న బెట్టకు వడలినప్పుడు దానిలో సైనైడు విషం పెరుగుతుంది. నాము, అంటే ఇట్లా విషమెక్కిన లేత జొన్న, తిని గంటలో పడిపోయిన గొర్రెల సంగతి ఏ కాపరిని అడిగినా చెప్తాడు. అన్ని గింజల్లో జొన్న ఒక్కటి లేకపోతే నష్టమేమీ లేదు.

మే వానలకు మొలిస్తే జూన్ నెలాఖరుకు మోకాలెత్తు వస్తుంది. అప్పుడు మందను మళ్ళీ పిలిచి, పగలు రెండు మూడు గంటలు మేపించండి. పొద్దున మంచు ఆరిన తర్వాతే తోలాలి, ముందుగా కాస్త ఎండు సొప్ప తినిపించాలి. ఖాళీ కడుపుతో పచ్చి అలసంద, ఉలవ మీద పడితే కడుపుబ్బరం వస్తుంది. మేపేటప్పుడు సగం తిననిచ్చి సగం మిగిలేలా జరపండి. నేల బయటపడేదాకా మేపితే ఇంత పనీ వృథా. మిగిలిన సగాన్ని గుంటకతో పడుకోబెట్టి, రెండు వారాలు ఆగి శనక్కాయ విత్తుకోవచ్చు.

వానలు ఆలస్యమై, నవధాన్యాలు జూన్ చివరకు కూడా పెరగకపోతే ఏం చేయాలి? శనక్కాయ అదును పోగొట్టుకోకండి. అందుకే మొదటి ఏడు ఒక ఎకరంలోనే ఇది చేయమంటాను. ఆ ఎకరంలో శనక్కాయ బదులు ఆగస్టు, సెప్టెంబరులో ఉలవ వేసుకున్నా ఇంటికి గింజ, పశువుకు మేత వస్తాయి.

ఇంటి పశువుల దిబ్బ

రెండు ఆవులో, ఒక జత ఎద్దులో ఉన్నవాళ్ళు దిబ్బను ఎండలో కుప్పగా వదిలేయకండి. నీడన మూడడుగుల లోతు గుంత తీసి, పేడ, కొట్టంలో మిగిలిన సొప్ప, మూత్రంతో తడిసిన మన్ను పొరలుగా వేసి, నిండాక మట్టితో మెత్తండి. నాలుగైదు నెలలు బాగా చివకాలి. చివకని పేడ చేనులో వేస్తే వేరుపురుగు, చెదలు వస్తాయి. ఎర్రనేలలో శనక్కాయకు వేరుపురుగు ఎంత చేటో చెప్పక్కర్లేదు. జీవామృతం చేసుకోవాలంటే 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, పిడికెడు గట్టుమన్ను కలిపి, రోజూ రెండుపూటలా కలియబెట్టి ఎకరానికి పారించండి. అయితే దీన్ని ఎరువుకు బదులు అనుకోకండి. నేలలో కుళ్ళడానికి ఏమైనా ఉంటేనే ఇది పనిచేస్తుంది. ఆ కుళ్ళేది మంద నుంచి, నవధాన్యాల నుంచి రావాలి.

చీనీ (బత్తాయి), మామిడి తోటల వాళ్ళకు

తోటలో గొర్రెలు గడ్డి మేస్తే కలుపు ఖర్చు తగ్గుతుంది. మేకలను మాత్రం వద్దు, బెరడు గీకేస్తాయి. గొర్రెలనైనా చెట్టు కొమ్మలు నడుమెత్తు దాటాకే తోలండి.

దీనికంటే ముఖ్యమైనది రాగి. చీనీ మొదళ్ళకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన రాగి మందు) పూస్తారు, ఆకులకు రాగి మందులు కొడతారు. పశువులన్నిటిలో గొర్రె రాగికి తట్టుకోలేనిది. ఆ గడ్డి మేస్తూ పోతే రాగి కాలేయంలో చేరి, కొన్ని వారాల తర్వాత ఉన్నట్టుండి చచ్చిపోతుంది. పేస్టు పూసిన తోటలోకి, రాగి మందు కొట్టిన తోటలోకి ఆ సీజన్‌లో గొర్రెలను పంపకండి. పత్తి చేలకూ ఇదే జాగ్రత్త. ఆఖరి స్ప్రే ఎప్పుడు కొట్టారో, ఏం కొట్టారో కాపరికి నిజం చెప్పండి. మీ చేనులో ఎరువు కోసం వచ్చిన మంద మీ మందుకే చస్తే ఆ కుటుంబం ఏడాది బతుకు పోయినట్టే.

మంద ఆరోగ్యం మీ పని కూడా

మంద మీది కాకపోయినా ఒప్పుకునే ముందు అడగండి: చిటుక రోగం టీకా వేయించారా, పారుడు రోగం టీకా వేయించారా అని. చిటుక రోగం టీకా వానలకు ముందే పడాలి. తొలకరికి మొలిచిన లేతగడ్డి ఆబగా తిన్నప్పుడే అది ఎక్కువగా వస్తుంది. వేయించకపోతే ఊళ్ళోని పశువైద్యశాలలో, రైతు సేవా కేంద్రంలో అడిగి మీరే కుదర్చండి. అవసరమొస్తే 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

నట్టల మందు తాపిన వెంటనే మంద కట్టించకండి. ఐవర్‌మెక్టిన్ లాంటి మందులు పెంటికల్లో బయటికొచ్చి పేడపురుగులను చంపుతాయి. ఎరువును నేలలోకి దించేది ఆ పురుగులే. రెండు వారాలు ఆగితే మంచిది.

ఇంకోటి, సర్కారు తుమ్మ. వేసవిలో గొర్రెలు దాని కాయలు ఇష్టంగా తింటాయి, గింజలు అరక్కుండా పెంటికలతో వచ్చి వానకు మీ చేనులో మొలుస్తాయి. తొలి వానల తర్వాత చేనంతా ఒకసారి తిరిగి, రెండాకుల దశలోనే పీకేయండి. ఒక్క ఏడు వదిలేస్తే తర్వాత జేసీబీ పిలవాలి.

గుట్టకు తిరిగి ఇవ్వాల్సింది

మొదట్లో చెప్పాను, గొర్రె మోసుకొస్తుందని. ఊరంతా మందలు కట్టించి, గుట్టను బోడి చేస్తే రెండేళ్ళలో మోసుకురావడానికి ఏమీ మిగలదు. ఇది ఎవరి సొంతమూ కాని నేల కాబట్టి ఎవరూ పట్టించుకోరు, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. కనీసం ఇది చేయండి. తొలి వానల నుంచి గడ్డి విత్తనం రాలేదాకా గుట్టలో ఒక భాగానికి మందలు పోకుండా ఊళ్ళో కాపరులతో కూర్చుని ఒప్పందం చేసుకోండి, మరుసటి ఏడు ఇంకో భాగం. ఆ రోజుల్లో మేతకు కొరత రాకుండా మీ గట్ల మీద అవిశ, సుబాబుల్, నల్లతుమ్మ, వేప పెంచండి. శనక్కాయ కట్టెను అంతా అమ్మకుండా మూడోవంతైనా ఉంచి, మంద మీ చేనులో ఉన్న రాత్రులు పెట్టండి. చేనునుంచి పోయిన కట్టె పెంటికగా చేనుకే తిరిగొస్తుంది.

పనిచేసిందో లేదో చూసుకోవడం

మంద కట్టించేటప్పుడే చేను మధ్యలో పది అడుగుల పట్టీ ఒకటి కావాలనే వదిలేయండి, రాళ్ళతో గుర్తు పెట్టండి. మిగతా సాగు అంతా రెండింటికీ ఒకేలా చేయండి. నెల పైరప్పుడు ఆకు రంగు చూడండి. ఆగస్టులో వానకు ఎడం వచ్చినప్పుడు మధ్యాహ్నం పూట వెళ్ళి ఏది ముందుగా వాడుతోందో చూడండి, రంగు కంటే ఇది నమ్మదగిన గుర్తు. కాయ పీకేటప్పుడు రెండు చోట్లా ఒకే కొలత స్థలంలో చెట్లు పీకి కాయ విడిగా తూకం వేయండి. కట్టెను చూసి మురిసిపోకండి, కాయ తూకమే చూడండి. కాయ పెరగకుండా కట్టె మాత్రమే పెరిగితే వచ్చే ఏడు రాత్రులు తగ్గించండి.

గొర్రె ఎరువు బలం ఒక్క పంటతో అయిపోదు, రెండో ఏడు కూడా కనిపిస్తుంది. కాబట్టి అదే చేనులో ఏటా కట్టించే పని లేదు. మూడేళ్ళకు ఒకసారి తిరిగొచ్చేలా పొలాన్ని మూడు భాగాలు చేసుకోండి. పంట చేతికొచ్చిన వెంటనే, కాపరి ఇంకో ఊరికి తరలకముందే, రెండో భాగానికి మాట చెప్పి కొంచెం బయానా ఇచ్చి పెట్టండి.